‘గుడ్ సిగ్నేచర్’ అని వచ్చింది సరే, ఆ కీ ఎవరిది?

మీరు అడిగింది ఇది: ఒక ప్రోగ్రామ్ దింపుకున్నారు. దానితోపాటు ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌ల (ఫైల్లోని బైట్ల నుంచి లెక్కకట్టే గుర్తింపు సంఖ్యల) జాబితా, డాట్ ఏఎస్‌సీ అనే సంతకం ఫైలు, ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ అదే పేజీలో ఉన్నాయి. కీని ఇంపోర్ట్ చేసుకుని చూస్తే, సంతకాలు సరిచూసే జీపీజీ ప్రోగ్రామ్ ‘గుడ్ సిగ్నేచర్’ అంది. ఆ కిందనే, ఈ కీని నమ్మదగినవాళ్ళెవరూ ధ్రువీకరించలేదు, సంతకం ఆ పేరున్న మనిషిదే అనడానికి ఆధారం లేదు అని వార్నింగ్ ఇచ్చింది. ఇన్‌స్టాల్ చేసుకోవచ్చా, కూడదా?

ఆ రెండు మాటలకీ పొంతన లేదనిపిస్తుంది గానీ రెండూ నిజమే. మొదటిది చెప్పేది: ఈ ఫైలు మీద సంతకం పెట్టింది ఈ కీతోనే, ఆ తర్వాత ఫైల్లో ఒక్క బిట్ కూడా మారలేదు. రెండోది చెప్పేది: ఆ కీ ఎవరిదో నాకు తెలీదు. మొదటిది లెక్క, కంప్యూటర్ చేసిపెడుతుంది. రెండోది మీరు తేల్చుకోవాల్సింది. పైగా మీరు ఫైలూ, సంతకమూ, కీ మూడూ ఒకే పేజీ నుంచి తెచ్చుకున్నారు. ఆ సర్వర్‌లోకి ఎవరైనా చొరబడి ఉంటే మూడింటినీ కలిపే మార్చి ఉంటారు, అప్పుడూ మీకు ‘గుడ్ సిగ్నేచర్’ అనే వస్తుంది. కాబట్టి ఇంకా ఇన్‌స్టాల్ చెయ్యకండి. కాసేపటి పని మిగిలి ఉంది. అది ఒక ప్రాజెక్టుకు ఒక్కసారి చేసుకుంటే చాలు.

ముందు చెక్‌సమ్ సంగతి. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవాళ్ళు మింట్ 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకును తమ సర్వర్ వైపు తిప్పి, దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓను (ఇన్‌స్టాల్ డిస్క్ ఫైలును) జనానికి అంటగట్టారు. లింకును మార్చగలిగినవాడికి దాని పక్కనున్న చెక్‌సమ్‌ను మార్చడం ఒక లెక్క కాదు. సంతకం లేని చెక్‌సమ్ రెండింటికే పనికొస్తుంది: డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయిందా అన్నది తెలుస్తుంది, ఫైలును ఏదో మిర్రర్ (అదే ఫైలు నకలు ఇచ్చే ఇంకో సర్వర్) నుంచి, చెక్‌సమ్‌ను అసలు సైటు నుంచి తెచ్చుకుంటే మిర్రర్ చేసిన మోసం బయటపడుతుంది. చెక్‌సమ్ లెక్కకట్టే కమాండ్లు ఇవి: లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్, మ్యాక్‌లో ‘షాసమ్ -ఏ 256’, విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్. విండోస్‌లోనే సర్ట్‌యుటిల్ వాడేవాళ్ళు చివర ఎస్‌హెచ్‌ఏ256 అని విడిగా రాయాలి. రాయకపోతే అది ఎస్‌హెచ్‌ఏ1 లెక్కకట్టి ఇస్తుంది, జాబితాతో కలవదు, ఫైలు పాడైందని కంగారుపడతారు. పోల్చేటప్పుడు మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు కంటితో చూసి వదిలెయ్యకండి. జాబితాను ఎస్‌హెచ్‌ఏ256సమ్‌కే ‘-సి’ ఆప్షన్‌తో ఇస్తే అదే పోల్చి చెప్తుంది. జాబితాలోని మిగతా ఫైళ్ళు మీ దగ్గర లేవు కాబట్టి ‘--ఇగ్నోర్-మిస్సింగ్’ కూడా చేర్చండి.

చాలా ప్రాజెక్టులు ప్రతి ఫైలు మీదా సంతకం పెట్టవు, చెక్‌సమ్‌ల జాబితా మీద ఒక్కటే పెడతాయి. డెబియన్, ఉబుంటు ఐఎస్‌ఓలు అలాగే వస్తాయి. అప్పుడు పని రెండు దశలు: జాబితా మీది సంతకం సరిచూడాలి, తర్వాత ఆ జాబితాతో ఐఎస్‌ఓను సరిచూడాలి. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. మొదటి దశలో ‘గుడ్ సిగ్నేచర్’ కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు. ఐఎస్‌ఓను మాత్రం ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు.

ఇక సంతకం. జీపీజీ ‘--వెరిఫై’కి రెండు పేర్లూ ఇవ్వండి, ముందు సంతకం ఫైలు, తర్వాత అసలు ఫైలు. సంతకం ఫైలు ఒక్కటే ఇస్తే అసలు ఫైలు పేరును అది ఊహించుకుంటుంది. ఇందులో ఒక మోసానికి చోటుంది: డాట్ ఏఎస్‌సీ అన్న పేరుతో మీకిచ్చింది విడి సంతకం కాకుండా, లోపల ఇంకేదో ఫైలును పొదిగిన సందేశమైతే, జీపీజీ ఆ లోపలి దాన్ని సరిచూసి ‘గుడ్’ అంటుంది. మీ ఇన్‌స్టాలర్‌ను చూడనే చూడదు. రెండు పేర్లూ ఇస్తే ఈ బెడద ఉండదు. లినక్స్ కెర్నల్ సోర్సుతో మరో తికమక ఉంది. కెర్నల్ డాట్ ఆర్గ్‌లో సంతకం ఉండేది కుదించిన డాట్ ఎక్స్‌జెడ్ ఫైలు మీద కాదు, లోపలి డాట్ టార్ మీద. ముందు విప్పి, ఆ తర్వాతే సరిచూడాలి. అలా చెయ్యనివాళ్ళకు ప్రతిసారీ ‘బ్యాడ్ సిగ్నేచర్’ వస్తుంది.

వచ్చిన జవాబులో ఏ వరుస చూడాలన్నది ఇంకా ముఖ్యం. ‘గుడ్ సిగ్నేచర్ ఫ్రమ్’ అన్నచోట కనిపించే పేరు, ఈమెయిల్ దేనికీ సాక్ష్యం కావు. ఏ పేరుతోనైనా, ఎవరి ఈమెయిల్‌తోనైనా కీ తయారుచేసుకోవచ్చు, అడిగేవాడు లేడు. చూడాల్సింది ‘ప్రైమరీ కీ ఫింగర్‌ప్రింట్’ అన్న వరుస. అది ఆ కీని గుర్తుపట్టే సంఖ్య. అందులో నలభై హెక్స్ అంకెలు (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్) ఉంటాయి. పైన ‘యూజింగ్’ అన్నచోట కనిపించేది చాలాసార్లు సబ్‌కీది, అంటే ప్రైమరీ కీ కింద సంతకాల కోసం విడిగా పెట్టుకున్న కీది. ప్రాజెక్టులు ప్రచురించేది ప్రైమరీ కీది. ఈ రెంటినీ పోల్చి కలవలేదని గాభరాపడేవాళ్ళు చాలామంది.

చివరి ఎనిమిది అంకెలు మాత్రమే ఉన్న పొట్టి కీ ఐడీని ఎక్కడ చూసినా పక్కన పెట్టెయ్యండి. అది 32 బిట్లే. అదే ఐడీ వచ్చేలా ఇంకో కీని పుట్టించడం మామూలు గ్రాఫిక్స్ కార్డుతో క్షణాల్లో అయ్యే పని. 2016లో లినక్స్ కెర్నల్ నడిపే లినస్ టోర్వాల్డ్స్, గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పేర్లతో, వాళ్ళ కీల పొట్టి ఐడీలే ఉన్న దొంగ కీలు కీసర్వర్లలో (పబ్లిక్ కీలను దాచి, అడిగినవాళ్ళకిచ్చే సర్వర్లలో) కనిపించాయి. పదహారు అంకెల ఐడీ దానికంటే నయమే గానీ, నలభై అంకెలూ చేతిలో ఉండగా దానితో పనేముంది? ఆ నలభైని కూడా కంటితో చదవకుండా, రెండింటినీ ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టి, ఖాళీలు తీసేసి, మెషీన్‌తోనే పోల్చండి.

సరే, పోల్చడానికి ఆ నలభై అంకెలు ఎక్కడి నుంచి రావాలి? అసలు పనంతా ఇదే. నేను పాటించే సూత్రం ఒకటుంది: డౌన్‌లోడ్ పేజీని పాడుచేసినవాడు అదే దెబ్బతో పాడుచెయ్యలేని చోటు కావాలి. అందులోనూ పాతది దొరికితే మరీ మంచిది. నిన్న చొరబడినవాడు మూడేళ్ళ కిందటి కాగితాన్ని దిద్దలేడు. కాబట్టి వెబ్ ఆర్కైవ్‌లో అదే పేజీ పాత ప్రతి తెరవండి. మెయిలింగ్ లిస్టు ఆర్కైవులో పాత విడుదల ప్రకటనలు చూడండి. మీ దగ్గర ఆ ప్రోగ్రామ్ పాత వెర్షన్ సోర్సు ఉంటే అందులో కీ గురించి రాసిన ఫైలు ఉంటుందేమో వెతకండి.

ఎక్కువమందికి తట్టనిది, నాకు అన్నిటికంటే నచ్చేది, డిస్ట్రోల (ఆర్చ్, డెబియన్ లాంటి లినక్స్ రకాల) ప్యాకేజీ ఫైళ్ళు. ఆర్చ్ లినక్స్‌లో సంతకం సరిచూసే ప్యాకేజీల పీకేజీబిల్డ్ (తయారీ సూచనల) ఫైళ్ళలో ‘వ్యాలిడ్‌పీజీపీకీస్’ అనే వరుస కింద ఆ ప్రాజెక్టు కీల ఫింగర్‌ప్రింట్లు పూర్తిగా రాసి ఉంటాయి. డెబియన్ సోర్సు ప్యాకేజీలు చాలావాటిలో ‘డెబియన్’ ఫోల్డర్, దాని లోపల ‘అప్‌స్ట్రీమ్’ ఫోల్డర్, అందులో ‘సైనింగ్-కీ డాట్ ఏఎస్‌సీ’ అన్న ఫైలు ఉంటుంది. కొత్త విడుదల వచ్చినప్పుడల్లా ప్యాకేజీ చేసేవాళ్ళు ఆ కీతోనే సరిచూస్తారు. అంటే మీకంటే ముందు, మీతో సంబంధం లేనివాళ్ళు, ఏళ్ళ తరబడి అదే కీని చూస్తూ వచ్చారన్నమాట. ఆ ఫైలు మార్పుల చరిత్ర కూడా బహిరంగంగానే ఉంటుంది కాబట్టి కీ ఎప్పుడు మారిందో తేదీతో సహా కనిపిస్తుంది. మీరు ఆ డిస్ట్రో వాడకపోయినా ఫరవాలేదు, చూడటానికి బ్రౌజర్ చాలు.

కీసర్వర్ మాత్రం సాక్ష్యం కాదు. ఫింగర్‌ప్రింట్ తెలిశాక కీని తెచ్చిపెట్టే మోతగాడు, అంతే. పాత ఎస్‌కేఎస్ రకం కీసర్వర్లలో ఎవరైనా ఏదైనా ఎక్కించగలిగేవాళ్ళు. 2019 జూన్‌లో కొందరి కీలకు లెక్కలేనన్ని చెత్త సంతకాలు అతికించి, వాటిని ఇంపోర్ట్ చేస్తే జీపీజీ చతికిలపడేలా చేశారు. ఆ దెబ్బ తర్వాతే జీపీజీ కీసర్వర్ల నుంచి వచ్చే మూడో మనిషి సంతకాలను మామూలుగా పట్టించుకోవడం మానేసింది. కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఆర్గ్ ఈమెయిల్‌ను సరిచూసుకున్నాకే పేరు చూపిస్తుంది. సరిచూడని కీని పేరు లేకుండా ఇస్తుంది, దాన్ని జీపీజీ ‘నో యూజర్ ఐడీ’ అంటూ తోసిపుచ్చుతుంది. మీకు ఆ ఎర్రర్ వస్తే తప్పు మీది కాదు, కీని ఇంకోచోట నుంచి తెచ్చుకోండి. డబ్ల్యూకేడీ (ఈమెయిల్ చిరునామాను బట్టి కీని వెతికే పద్ధతి) ద్వారా వచ్చే కీ ఆ ఈమెయిల్ డొమైన్ నుంచే వస్తుంది. వెబ్‌సైటు కూడా అదే డొమైన్ అయితే దాన్ని రెండో సాక్షిగా లెక్కించడానికి నాకు మనసొప్పదు.

ఎన్ని చోట్ల చూడాలంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల, అందులో ఒకటి కనీసం ఏడాది పాతదైతే మామూలు ప్రోగ్రామ్‌కు చాలు. ఆపరేటింగ్ సిస్టమ్ ఐఎస్‌ఓ, పాస్‌వర్డ్ మేనేజర్, క్రిప్టో వాలెట్ లాంటివైతే మూడోది వెతికినా నష్టం లేదు. అన్నట్టు, ఆ ప్రోగ్రామ్ మీ డిస్ట్రో రిపోజిటరీలోనే (ప్యాకేజీల నిల్వలోనే) ఉంటే ఈ తంతేమీ అక్కర్లేదు. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ ప్రతిసారీ సంతకాలు తనే సరిచూస్తుంది. కొత్త వెర్షన్ మీద మోజుతో దాన్ని వదిలి బయటి నుంచి తెచ్చుకుంటున్నారేమో ఒకసారి ఆలోచించండి.

కీ కుదిరిందని తేలాక దాన్ని గుర్తుపెట్టుకునే పద్ధతిలోనూ తప్పు సలహాలు తిరుగుతుంటాయి. వార్నింగ్ పోవాలంటే ‘ఎడిట్-కీ’లో ‘ట్రస్ట్’ అని కొట్టి 5 ఎంచుకోమంటారు. అలా చెయ్యకండి. ఆ అంకెకు అర్థం ఈ కీ ఫలానావాళ్ళదేనని కాదు. ఈ కీ నా సొంత కీ లాంటిది, ఇది ధ్రువీకరించిన ఇతర కీలన్నిటినీ నమ్ము అని. ఒక టెక్స్ట్ ఎడిటర్ రాసినవాళ్ళకు అంత అధికారం దేనికి? సరైనది ‘--ఎల్‌సైన్-కీ’. మీ సొంత కీతో, మీ మెషీన్ వరకే పనిచేసే ధ్రువీకరణ పెడుతుంది. ఆ తర్వాత వార్నింగ్ రాదు, వస్తే కీ మారిందని అర్థం.

ఇంతకంటే శుభ్రమైన దారి, సంతకాలు సరిచూడటం ఒక్కటే చేసే జీపీజీవీ. ప్రాజెక్టుకొక కీరింగ్ (కీలు దాచుకునే) ఫైలు పెట్టుకుని, ‘--కీరింగ్’తో దాన్నే చూపిస్తే, అందులో ఉన్న కీతో సంతకం సరిపోతేనే సున్నా (అంతా సరే అని అర్థం) తిరిగిస్తుంది. ఇంకే కీనీ చూడదు. రెండు జాగ్రత్తలు: డాట్ ఏఎస్‌సీ రూపంలో ఉన్న కీని ముందు ‘--డీఆర్మర్’తో బైనరీగా మార్చాలి, కీరింగ్ పేరుకు ముందు చుక్క, స్లాష్ పెట్టాలి. స్లాష్ లేకపోతే అది ఆ ఫైలును మీ హోమ్‌లోని జీపీజీ ఫోల్డర్లో వెతుకుతుంది, దొరక్క ‘నో పబ్లిక్ కీ’ అంటుంది.

స్క్రిప్టులో పెట్టేవాళ్ళు జీపీజీ తెర మీద రాసే ‘గుడ్ సిగ్నేచర్’ అన్న మాటలను గ్రెప్‌తో వెతికి నిర్ణయించకూడదు. సిగ్‌స్పూఫ్ అన్న పేరుతో 2018లో బయటపడిన లోపంలో, ఫైలు పేరులోనే నకిలీ స్టేటస్ వరుసలు దూర్చి ప్రోగ్రామ్‌లను నమ్మించగలిగారు. ‘--స్టేటస్-ఎఫ్‌డీ’తో వచ్చే వరుసలను విడి పైపులో తీసుకోండి. గుడ్‌సిగ్, వ్యాలిడ్‌సిగ్ రెండూ ఉండాలి, వ్యాలిడ్‌సిగ్ వరుసలో చివరి గడి మీరు రాసిపెట్టుకున్న ప్రైమరీ ఫింగర్‌ప్రింట్ అయ్యుండాలి. వ్యాలిడ్‌సిగ్ ఒక్కటే చూస్తే గడువు తీరిన కీ, రద్దయిన కీ కూడా దాటిపోతాయి.

ఆప్ట్‌లో బయటి రిపోజిటరీ చేర్చేటప్పుడూ ఇదే లెక్క. కీని ‘ట్రస్టెడ్ డాట్ జీపీజీ డాట్ డి’ ఫోల్డర్లో పడేస్తే అది ప్రతి రిపోజిటరీకీ చెల్లుతుంది, మీ బేస్ సిస్టమ్ ప్యాకేజీలకు కూడా. దాన్ని వేరే ఫోల్డర్లో, మామూలుగా ఈటీసీ కింద ఆప్ట్‌లోని కీరింగ్స్‌లో, పెట్టి సోర్సు వరుసలో ‘సైన్డ్-బై’ అని దాని దారి రాయండి. అప్పుడు ఆ కీ ఆ రిపోజిటరీకే పరిమితం.

విండోస్, మ్యాక్‌లలో ఈ చాకిరీ సర్టిఫికెట్లు చేసిపెడతాయనుకుంటారు. సగమే నిజం. ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ గాని, గెట్-ఆథెంటికోడ్‌సిగ్నేచర్ గాని ‘వ్యాలిడ్’ అన్నదంటే, ఏదో ఒక సంస్థ తన పేరు చూపించి సర్టిఫికెట్ తీసుకుందని మాత్రమే. ఆ పేరు మీరు అనుకున్న ప్రచురణకర్తదేనా అన్నది మీరే చదవాలి. తాళం పోయిన సందర్భాలూ ఉన్నాయి: 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ డ్రైవర్ల మీద రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల అసలు సర్టిఫికెట్లతోనే సంతకాలున్నాయి. మ్యాక్‌లో కోడ్‌సైన్ చూపించే టీమ్ ఐడెంటిఫయర్ పది అక్షరాలది. మొదటిసారి సరిచూసినప్పుడు దాన్ని రాసిపెట్టుకుంటే తర్వాతి వెర్షన్‌తో పోల్చడం తేలిక. ఆండ్రాయిడ్ ఈ పని తనే చేస్తుంది: పాత ఏపీకే (యాప్ ఫైలు) ఏ కీతో వచ్చిందో అప్‌డేట్ కూడా ఆ కీతోనే రాకపోతే ఎక్కనివ్వదు. అందుకే అక్కడ మొదటి ఇన్‌స్టాల్ ఒక్కటే జాగ్రత్తగా చూసుకోవాలి, ‘ఏపీకేసైనర్ వెరిఫై’కి ‘--ప్రింట్-సర్ట్స్’ చేర్చి.

కీని ఒక తరం నుంచి ఇంకో తరానికి అందించడంలో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతి నాకు ముచ్చటగా ఉంటుంది. సంతకాల కోసం వాళ్ళు వాడే సిగ్నిఫై కీలు ఒక వరుసలో పట్టేంత చిన్నవి, ప్రతి విడుదలకూ కొత్తది, తర్వాతి విడుదల కీ ఇప్పటి విడుదలలోనే వచ్చేస్తుంది. ఒక్కసారి నమ్మకం కుదిరితే గొలుసు తెగదు. సిగ్‌స్టోర్ అనే సంతకాల వ్యవస్థ దారి వేరు. అందులో దాచుకునే కీ అంటూ ఉండదు, పది నిమిషాల సర్టిఫికెట్, బహిరంగ లాగ్‌లో నమోదు. పైథాన్ 3.14 నుంచి పీజీపీ (జీపీజీ సరిచూసే రకం) సంతకాలు మానేసి దీనికే వెళ్ళింది. అక్కడ ఫింగర్‌ప్రింట్ బదులు మీరు తేల్చుకోవాల్సింది ఎవరి ఐడెంటిటీ, దాన్ని ఎవరు జారీచేశారు అన్న రెండూ. సిగ్‌స్టోర్ సంతకాలను సరిచూసే కోసైన్‌కు ఆ రెండూ సరిగ్గా ఇవ్వండి. అక్కడ ఏదైనా ఫరవాలేదనే ప్యాటర్న్ రాస్తే, సంతకం ఎవరిదో ఒకరిది అని తప్ప ఏమీ తేలదు.

సంతకం పట్టుకోలేని ప్రమాదాలు రెండున్నాయి. ఒకటి పాత వెర్షన్. విడి సంతకం ఫైలు పేరును కప్పదు, లోపలి బైట్లనే కప్పుతుంది. తెలిసిన లోపం ఉన్న పాత ఇన్‌స్టాలర్‌కూ, దాని సంతకానికీ కొత్త పేర్లు పెట్టి ఇస్తే జీపీజీ ‘గుడ్’ అనే అంటుంది. ‘సిగ్నేచర్ మేడ్’ వరుసలోని తేదీని విడుదల తేదీతో పోల్చండి, దొరికిపోతుంది. సంతకమున్న చెక్‌సమ్ జాబితా అయితే అందులో ఫైలు పేరు కూడా ఉంటుంది కాబట్టి ఈ విషయంలో అదే మేలు. రెండోది, కీ ఉన్నవాడే మోసగాడు కావడం. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ యుటిల్స్ (ఫైళ్ళు కుదించే ప్రోగ్రామ్) దొంగదారి 5.6.0, 5.6.1 వెర్షన్ల టార్‌బాల్‌లలో (సోర్సు మూటల్లో) వచ్చింది. సంతకం అధికారిక మెయింటెయినర్‌దే, లెక్క సరిగ్గానే సరిపోయింది. దాన్ని తట్టిలేపే బిల్డ్ స్క్రిప్టు టార్‌బాల్‌లో ఉంది, అందరూ చూసే గిట్ సోర్సులో లేదు. దొంగ కోడ్ దూరిన ప్రోగ్రామ్‌లు, 2017లో సీక్లీనర్ 5.33, 2020లో సోలార్‌విండ్స్ కూడా అసలు సంతకాలతోనే జనంలోకి వెళ్ళాయి. దీనికి మందు ఎక్కువమంది చేత విడివిడిగా బిల్డ్ చేయించి, అందరికీ ఒకే హ్యాష్ వచ్చిందని సంతకాలు పెట్టించడం. బిట్‌కాయిన్ కోర్ అలా చేస్తుంది. దాని జాబితాను సరిచూస్తే మీ దగ్గర కీలు లేనివాళ్ళ సంతకాలకు ‘నో పబ్లిక్ కీ’ అని వరుసగా వస్తుంది, భయపడక్కర్లేదు. మీరు ముందే ఎంచుకుని సరిచూసుకున్న ముగ్గురు నలుగురి సంతకాలు సరిపోయాయా అన్నదే చూడండి.

‘బ్యాడ్ సిగ్నేచర్’ వస్తే దాడి జరిగిందనే అనుకోనక్కర్లేదు. ముందు ఫైలు సైజు చూడండి. కొన్ని కేబీలే ఉంటే అది ఇన్‌స్టాలర్ కాదు, ఎర్రర్ పేజీ ఆ పేరుతో సేవ్ అయ్యింది. వేరే వెర్షన్ సంతకం పొరపాటున దిగిందేమో చూడండి. రెండు ఫైళ్ళనూ ఇంకో నెట్‌వర్క్ నుంచి మళ్ళీ దింపండి. అప్పటికీ అదే వస్తే నడపకండి, చెరిపెయ్యనూ వద్దు. ఫైలును దాచి, దాని హ్యాష్, దింపిన లింకు ప్రాజెక్టు భద్రతా చిరునామాకు పంపండి.

కీ గడువు తీరిందని వస్తే కీని మళ్ళీ తెచ్చుకోండి. గడువు పొడిగించినా ఫింగర్‌ప్రింట్ మారదు, కాబట్టి మీరు చేసుకున్న పరిశీలన అలాగే చెల్లుతుంది. రద్దయిన కీ అయితే కారణం చదవండి. కొత్త కీకి మారాం అన్నది కారణమైతే రద్దుకు ముందటి సంతకాలను ఒప్పుకోవచ్చు. కీ దొంగలపాలైందని ఉంటే పాత తేదీ సంతకాలను కూడా ఒప్పుకోకూడదు, ఎందుకంటే సంతకం మీది తేదీని కీ చేతిలో ఉన్నవాడు తనకిష్టమొచ్చినట్టు వేసుకోగలడు.

కొత్త విడుదల ముందెన్నడూ చూడని కీతో వస్తే, పాత కీతో సంతకం చేసిన ప్రకటన ఉందేమో వెతకండి. ఉంటే అందులోని ఫింగర్‌ప్రింట్‌ను మీ పాత కీరింగ్‌తోనే సరిచూసి, కొత్త కీని చేర్చుకోండి. లేకపోతే ఉన్న వెర్షన్ మీదే ఆగి, ప్రాజెక్టు ఇష్యూ ట్రాకర్లో అడగండి. నిజంగా మారినదైతే మీకంటే ముందే ప్యాకేజీలు చేసేవాళ్ళలో ఎవరో ఒకరు అదే ప్రశ్న అడిగి ఉంటారు, జవాబు అక్కడే దొరుకుతుంది.